రక్తం గుర్తుపట్టే తీరు

తెలుగులో స్త్రీవాద, దళిత, మైనారిటీ సాహిత్యాలు వచ్చాక మన విమర్శలో బాగా పాతుకుపోయిన మాటల్లో ‘గుర్తింపు’ ఒకటి. ఆ మాట వాడకుండా నా పిహెచ్‌.డి. సిద్ధాంత గ్రంథంలో ఒక్క అధ్యాయం కూడా నడవలేదు. అదే మాట ఇంటర్మీడియట్ జీవశాస్త్రంలోనూ ఉంది. ప్రతిరక్షకం, అంటే యాంటీబాడీ, తన ప్రతిజనకాన్ని, అంటే యాంటీజెన్‌ని ‘గుర్తిస్తుంది’ అంటారు. రక్తంలో తిరిగే ఒక మాంసకృత్తుకి కళ్లు లేవు, మనసు లేదు. మరి అది గుర్తించడం అంటే ఏమిటి? ఎవరు ఎవర్ని గుర్తిస్తారు, ఎవరు గుర్తింపుకి అందకుండా పోతారు అని సాహిత్యంలో ఇన్నేళ్లుగా అడుగుతున్న మనం, మన రక్తంలో జరిగే గుర్తింపు గురించి కూడా కాస్త తెలుసుకోవాలి అనిపిస్తుంది నాకు.

యాంటీబాడీ ఇంగ్లీషు వై అక్షరం ఆకారంలో ఉంటుంది. రెండు బరువైన గొలుసులు, రెండు తేలిక గొలుసులు పెనవేసుకుని అలా తయారవుతాయి. ఈ నిర్మాణాన్ని తేల్చినందుకే 1972లో జెరాల్డ్ ఎడెల్‌మన్‌కీ రాడ్నీ పోర్టర్‌కీ నోబెల్ బహుమతి వచ్చింది. వై అక్షరానికున్న రెండు చేతుల చివర్లా చిన్న పల్లాలుంటాయి. ఒక్కో పల్లం చుట్టూ ఆరు మెలికలు. అవతలి అణువు మీద ఏదైనా ఒక చిన్న మూల ఆ పల్లంలో సరిగ్గా కుదురుకుంటే రెండూ అతుక్కుంటాయి. ఎత్తుకి పల్లం, ధనావేశానికి ఋణావేశం కుదరాలి. ఆ మూలని ఎపిటోప్ అంటారు. యాంటీబాడీ పట్టుకునేది మొత్తం క్రిమిని కాదు, మొత్తం విషాన్ని కాదు, ఆ ఒక్క మూలనే. గుర్తుపట్టడం అంటే ఇక్కడ చూడటం కాదు, తాకి పట్టుకోవడం.

ఈ పల్లాలు ఎక్కడినుంచి వస్తాయి? బయటి పదార్థమే అచ్చులాగా పనిచేసి, యాంటీబాడీని తనకి తగ్గట్టు మలుచుకుంటుందని 1940లో లైనస్ పాలింగ్ ప్రతిపాదించాడు. అది తప్పని తేలింది. 1957లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞుడు మక్‌ఫార్లేన్ బర్నెట్ దీన్ని తిరగేసి చెప్పాడు. ఎవరూ రాకముందే మన ఒంట్లో లెక్కలేనన్ని బి కణాలున్నాయి, ఒక్కోదానిది ఒక్కో ఆకారం. వచ్చినవాడికి ఏ కణం ఆకారం కుదురుతుందో ఆ కణమే పిల్లలు పెడుతుంది. ఇన్ని ఆకారాలు కొద్ది జన్యు ముక్కల్ని కలిపి పేర్చడం వల్ల ఎలా వస్తాయో సుసుము తొనెగావా చూపించాడు. దానికి 1987లో నోబెల్ వచ్చింది. అంటే తేడా ముందు, గుర్తింపు తర్వాత. అన్ని కణాలూ ఒకేలా ఉండే దేహం దేన్నీ గుర్తుపట్టలేదు. అయితే మొదటిసారి ఎదురుపడినప్పుడు తగిన కణం దొరికి, పెరిగి, రక్తంలోకి చాలినన్ని యాంటీబాడీలు రావడానికి వారం, పదిరోజులు పడుతుంది.

పాముకాటుకి అంత వ్యవధి ఉండదు.

మాది దివిసీమ. కృష్ణానది రెండు పాయలుగా చీలి సముద్రంలో కలిసేచోట, ఆ పాయల మధ్య నేల. 1977 నవంబరు 19 ఉప్పెనతో బయటివాళ్లకి తెలిసిన ప్రాంతం. మా అమ్మ నాట్ల ముఠాలో పనిచేసేది. 2005 ఆగస్టులో నారుకట్టలు ఎత్తుతుండగా ఆమె కుడిచేతి మీద రక్తపింజరి కరిచింది. కాలవలకి నీళ్లు వదిలి చేలు నిండాక పాములు గట్లెక్కుతాయి. నాట్లు, కలుపు, పనలు కట్టడం, మినుము పీకడం లాంటి, నడుం వంచి చేతులు నేలకి ఆనించి చేసే పనులు మావైపు ఎక్కువగా ఆడవాళ్లవే. పాము పడగెత్తే ఎత్తులోనే వాళ్ల చేతులుంటాయి.

ముందు మంత్రం వేసే ఆయన దగ్గరికి తీసుకుపోయారు. నాకప్పుడు పదిహేనేళ్లు, పదో తరగతి. బయట ఉన్న రోజులు. ముట్టుమనిషి నీడ పడితే విషం తలకెక్కుద్దని అమ్మ దగ్గరికి నన్ను రానివ్వలేదు. అరగంట తర్వాత ముఠా మేస్త్రి, ఆవిడా ఆడమనిషే, గట్టిగా అరిచి ఆటో తెప్పించింది. మండల కేంద్రం నుంచి విజయవాడ పంపారు. విజయవాడ ఆసుపత్రిలో నా ముట్టు సంగతి ఎవరూ అడగలేదు. అమ్మ పక్కనే కూర్చున్నాను.

చచ్చిన పాముని సంచిలో వేసి మా మామయ్య వెంట తెచ్చాడు. డాక్టరుగారు దాన్ని చూడనే లేదు. అమ్మ రక్తం రెండు మిల్లీలీటర్లు పొడిగా ఉన్న గాజుగొట్టంలోకి తీసి, కదపకుండా ఇరవై నిమిషాలు ఉంచమన్నారు. ఇరవై నిమిషాల తర్వాత వంచితే నీళ్లలా జారింది. రక్తపింజరి విషంలోని ఎంజైములు రక్తాన్ని గడ్డకట్టించే అంశాల్ని ఒక్కసారిగా రేపి ఖర్చుపెట్టేస్తాయి. ఆ తర్వాత గడ్డకట్టడానికి ఏమీ మిగలదు. చిగుళ్లలోంచి, మూత్రంలోంచి రక్తం పోతుంది, మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఆ గాజుగొట్టం పరీక్ష ఇప్పటికీ పాముకాటు వైద్యంలో మొదటి మెట్టు. యంత్రం అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు, గడియారం ఉంటే చాలు.

తర్వాత అమ్మకి యాంటీవీనం పది సీసాలు సెలైన్‌లో కలిపి ఎక్కించారు. ఆ పది సీసాల్లో ఉన్నది గుర్రాల రక్తం నుంచి తీసిన యాంటీబాడీలు. అమ్మ దేహానికి వారం పట్టే పని, గుర్రాలు నెలల ముందే చేసిపెట్టాయి.

ఈ అరువు పద్ధతికి పెద్ద చరిత్రే ఉంది. కంఠసర్పి, ధనుర్వాతం విషాల్ని తట్టుకున్న జంతువు రక్తరసాన్ని ఇంకో జంతువుకి ఎక్కిస్తే దానికీ రక్షణ వస్తుందని 1890లో ఎమిల్ ఫాన్ బేరింగ్, షిబసబురో కితసాతో చూపించారు. 1901లో వైద్యానికి మొట్టమొదటి నోబెల్ బేరింగ్ ఒక్కడికే ఇచ్చారు. జపాన్ వాడైన కితసాతోకి ఇవ్వలేదు. 1891లో వియత్నాంలో బాక్ లియూ దగ్గర వరదొచ్చి తాచులు ఇళ్లలోకి చేరి జనాన్ని కరిచాయి. అప్పుడు సైగాన్‌లో ఉన్న ఫ్రెంచి వైద్యుడు ఆల్బెర్ కాల్మెట్ తాచువిషం మీద పని మొదలుపెట్టాడు. కొన్నేళ్లకి మొదటి యాంటీవీనం తయారైంది. అదీ వరి పండే ఒక డెల్టాలో, ఒక వరద తర్వాతే.

కాల్మెట్ తన మందు అన్ని పాములకీ పనిచేస్తుందనుకున్నాడు. ఇండియన్ మెడికల్ సర్వీసులో ఉన్న జార్జ్ లాంబ్ అది రక్తపింజరి విషాన్ని ఆపదని ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనే చూపించాడు. దాదాపు అదే కాలంలో బ్రెజిల్‌లో వితాల్ బ్రజీల్ కూడా ఇదే చెప్పాడు. ఏ విషాన్ని గుర్రానికి పరిచయం చేస్తే ఆ విషాన్నే దాని యాంటీబాడీ పట్టుకుంటుంది. అందుకే మన దేశంలో ఇప్పుడు దొరికే మందుని తాచు, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి అనే నాలుగు పాముల విషాలిచ్చి తయారుచేస్తారు.

ఇక్కడ మన పాఠ్యపుస్తకాల భాష గురించి ఒక మాట చెప్పాలి. శరీరం కోట, యాంటీబాడీలు సైనికులు, క్రిములు శత్రువులు. ఈ యుద్ధభాష లేకుండా మనవాళ్లు రోగనిరోధక శక్తి పాఠం చెప్పరు. డోనా హరవే 1989లో రాసిన వ్యాసంలో ఈ శాస్త్రం ‘నేను’, ‘పరాయి’ అనే గీతలు గీసే పటంగా ఎలా మారిందో చర్చించింది. ఎమిలీ మార్టిన్ 1994లో ‘ఫ్లెక్సిబుల్ బాడీస్’ అనే పుస్తకంలో ఇంకో సంగతి పట్టుకుంది. ఈ వర్ణనల్లో కణాలకి కూడా లింగభేదం ఉంటుంది. చెత్త మింగి శుభ్రం చేసే మాక్రోఫేజ్ కణాలు ఇల్లు ఊడ్చే ఇల్లాళ్లు, టి కణాలు మగ వీరులు. ఊడ్చేవాళ్లకి ఎక్కడా పేరు లేదన్నమాట, రక్తంలో కూడా!

యాంటీవీనం దగ్గర ఈ సైనికుడి పోలిక అసలే నిలవదు. వై అక్షరానికున్న తోక మామూలుగా ఇతర రక్షణ కణాల్ని పిలిచే పని చేస్తుంది. మన దేశంలో తయారయ్యే యాంటీవీనంలో పెప్సిన్ అనే ఎంజైముతో ఆ తోకని కోసేస్తారు, మనిషి ఒంట్లో చెడు ప్రతిస్పందన తగ్గడానికి. మిగిలేది రెండు చేతులు మాత్రమే. అవి ఎవర్నీ పిలవవు, ఎవర్నీ చంపవు. విషపు అణువు పనిచేసే మూలని పట్టుకుని, అది నరానికో రక్తపు అంశానికో తగలకుండా అడ్డుపడతాయి, అంతే. అమ్మని బతికించింది యుద్ధం కాదు, అలా అడ్డుపడిన చేతులు.

అయితే ఈ చేతులు అన్నిటినీ ఒకేలా పట్టుకోవు. తాచు, కట్లపాము విషాల్లో నరాల మీద పనిచేసే కొన్ని అణువులు చాలా చిన్నవి, అరవై డెబ్భై అమైనో ఆమ్లాలకి మించవు. అణువు ఎంత చిన్నదైతే గుర్రం దేహం దాన్ని అంత తక్కువగా పట్టించుకుంటుంది. పెద్ద అణువులకి యాంటీబాడీలు దండిగా తయారవుతాయి, ప్రాణం తీసే చిన్నవాటికి తక్కువ. కాబట్టి ఒక్కో సీసాలో నిజంగా విషాన్ని పట్టే యాంటీబాడీలు కొద్ది భాగమే. ఎక్కువ సీసాలు ఎక్కించాల్సి రావడానికి ఇదొక కారణం.

పాము అదే అయినా ఊరు మారితే విషం మారుతుంది, ఇది రెండో చిక్కు. మన దేశంలో యాంటీవీనం తయారీకి వాడే విషంలో ఎక్కువ భాగం తమిళనాడులో మహాబలిపురం దగ్గర వడనెమ్మేలిలో ఉన్న ఇరుళ పాములు పట్టేవారి సహకార సంఘం నుంచి వస్తుంది. 1978లో మొదలైన ఈ సంఘంలో ఆడవాళ్లూ సభ్యులే. పాముల తోళ్ల వ్యాపారం మీద నిషేధం వచ్చి బతుకుతెరువు పోయిన ఆదివాసుల చేతి నైపుణ్యం మీద దేశం మొత్తం మందు ఆధారపడి ఉంది. కానీ ఒక ప్రాంతపు పాముల విషంతో నేర్చుకున్న యాంటీబాడీ ఇంకో ప్రాంతపు పాము విషాన్ని అంత గట్టిగా పట్టకపోవచ్చు. బెంగుళూరులో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో కార్తీక్ సునగర్ బృందం 2019 నుంచి ఈ లోటుని వరుసగా బయటపెడుతోంది. నాలుగు పాముల జాబితాలో లేనివాటి సంగతి చెప్పనే అక్కర్లేదు. సముద్రపు పాముల విషం ఆ మిశ్రమంలో లేదు. మా తీరంలో వలలు దులిపి చేపలు ఏరే ఆడవాళ్లకి అలాంటి పాము కరిస్తే ఆ సీసా వాళ్లని కాపాడలేదు.

పాముకీ తెలుగు ఆడవాళ్లకీ పుట్టిందగ్గర్నుంచీ ముడి ఉంది. నాగులచవితికి ఉపవాసం ఉండి పుట్టలో పాలు పోసేది మనం. కడుపు పండకపోతే నాగదోషం మనకి. మా పక్కనే మోపిదేవిలో సుబ్రహ్మణ్యేశ్వరుడు సర్పరూపంలో ఉంటాడు, సంతానం కోసం మొక్కుకునే ఆడవాళ్లతో గుడి నిండి ఉంటుంది. 2018 వానల్లో అవనిగడ్డ ప్రాంతంలో పాముకాట్లు వరసగా పడ్డాయి. ఆగస్టు 29న అదే గుడిలో ప్రభుత్వమే సర్పశాంతి యాగం చేయించింది. భయంలో ఉన్న జనం దేవుణ్ణి తలుచుకోవడాన్ని నేను ఎగతాళి చేయను, మా అమ్మా దణ్ణం పెట్టుకుంది. కానీ ప్రభుత్వం చేయాల్సిన పని వేరే ఉంది. పొలం పనిచేసే మనిషికి మోకాలి దాకా బూట్లు, చేతికి తొడుగులు, ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో సీసాలు, ఆ గాజుగొట్టం పరీక్ష చేయడం తెలిసిన నర్సు కావాలి.

అంతకంటే ముందు లెక్క కావాలి. 2000 నుంచి 2019 దాకా మన దేశంలో సుమారు 12 లక్షలమంది, అంటే సగటున ఏడాదికి 58,000 మంది, పాముకాటుతో చనిపోయారని 2020లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం అంచనా వేసింది. ఎక్కువ మరణాలు జరిగే ఎనిమిది రాష్ట్రాల్లో తెలంగాణతో కలిసి ఉన్న ఆంధ్రప్రదేశ్ ఒకటి. సగం మరణాలు జూన్ నుంచి సెప్టెంబరు మధ్యే. చనిపోయినవాళ్లలో దాదాపు సగం ఆడవాళ్లు. ఆసుపత్రి రికార్డుల్లోకి ఎక్కింది ఇందులో చిన్న భాగం. ఇల్లిల్లూ తిరిగి ‘ఎలా పోయారు’ అని అడిగితేగాని ఈ అంకెలు బయటికి రాలేదు.

రికార్డులోకి ఎక్కినా ఏమని ఎక్కుతాం? అమ్మ ఆసుపత్రి కాగితాలు మా ఇంట్లో ట్రంకుపెట్టెలో ఉన్నాయి. పరిశోధనలో చేరాక, పాత కాగితాలు చదివే అలవాటు కొద్దీ, వాటినీ చదివాను. వృత్తి అన్నచోట ‘గృహిణి’ అని ఉంది. చదివి వినిపిస్తే అమ్మ నవ్వింది. “ఇంట్లో కూచుంటే రక్తపింజరి ఎట్టా కరిచిద్దే?” అంది. ఆ ఒక్క మాటతో ఆమె కాటు పనిలో జరిగిన ప్రమాదం కాకుండా పోయింది. 2007 జాతీయ రైతు విధానం రైతు అనే మాటలో వ్యవసాయ కూలీల్నీ కౌలుదార్లనీ కలిపింది. మహిళా కిసాన్ అధికార్ మంచ్ లాంటి వేదికలు ఆడవాళ్లని రైతులుగా గుర్తించమని ఏళ్లతరబడి అడుగుతున్నాయి. అయినా పథకం దగ్గరికి వచ్చేసరికి పట్టాదారు పాసు పుస్తకం అడుగుతారు. 2018లో తెలంగాణ మొదలుపెట్టిన రైతుబీమా కూడా ఆ పుస్తకం ఉన్నవాళ్లకే. పొలంలో చెయ్యి పెట్టేది ఒకరు, పుస్తకంలో పేరుండేది ఇంకొకరు.

అమ్మ కథలో ఇంకో పొర ఉంది. కాటు తర్వాత ఆమెకి ముట్టు ఆగిపోయింది. అప్పటికి ముప్పై ఆరేళ్లు. “పోనీలే, ఒక పీడ విరగడైంది” అన్నారు చుట్టుపక్కలవాళ్లు. ఎప్పుడూ నీరసం, చలి, కనుబొమ్మలు రాలిపోవడం. చూపించుకున్న ప్రతిచోటా రక్తం తక్కువని బలం మాత్రలిచ్చారు. ఏడాది కాదు, ఏడేళ్లు అలా గడిచాయి. 2012లో ఒక వైద్యురాలు, పాము కరిచిందా అని అడిగింది. రక్తపింజరి విషం మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథిని దెబ్బతీయగలదని బర్మా నుంచీ దక్షిణ భారతం నుంచీ వైద్యులు రాసిన నివేదికలున్నాయి. కాన్పులో విపరీతంగా రక్తం పోయిన ఆడవాళ్లలో వచ్చే షీహాన్ సిండ్రోమ్ లాగే ఉంటుందట ఇది. స్టిరాయిడ్, థైరాయిడ్ మాత్రలు మొదలుపెట్టాక అమ్మ మళ్లీ మనిషైంది. ఇప్పటికీ రోజూ వేసుకుంటుంది.

ఆ ఏడేళ్లూ ఆమె జబ్బు కనిపించకపోవడానికి అది అరుదైన జబ్బు కావడం ఒక్కటే కారణం కాదు. కూలి చేసే ఆడమనిషి నీరసం ఎవరికీ లక్షణంలా అనిపించదు, అది ఆమె సహజస్థితి అనుకుంటారు. ముట్టు ఆగిపోవడం గురించి అడగాలంటే సిగ్గు, చెప్పాలంటే సిగ్గు. మన ఒంటి గురించి మనం తెలుగులో మాట్లాడుకోవచ్చని 1991లో ‘సవాలక్ష సందేహాలు’ పుస్తకం చూపించింది. అలాంటి పుస్తకాలు మా ఊరిదాకా, మా ముఠాదాకా రాలేదు. గుర్రం దేహం చిన్న అణువుని పట్టించుకోనట్టే, ఆసుపత్రి కూడా చిన్న ఫిర్యాదుని పట్టించుకోలేదు. ప్రాణం మీదికొచ్చేది అదేనని తెలిసేసరికి ఆలస్యమైంది.

ఇప్పుడు కొత్త ప్రయత్నాలు జరుగుతున్నాయి. గుర్రాలతో పనిలేకుండా, అనేక జాతుల పాముల్లో ఉమ్మడిగా ఉండే మూలని పట్టే మానవ యాంటీబాడీని బెంగుళూరు, అమెరికా శాస్త్రజ్ఞులు కలిసి ప్రయోగశాలలో రూపొందించి, 2024లో ప్రకటించారు. ఎలుకల్లో పనిచేసింది. తాచు, కట్లపాముల్లాంటి వాటి నరవిషాల్లో ఒక రకానికే అది పరిమితం, రక్తపింజరికి కాదు. అందరికీ అందే మందుగా మారడానికి చాలా దూరం ఉంది. అదే ఏడాది మార్చిలో, 2030 నాటికి పాముకాటు మరణాల్ని సగానికి తగ్గించాలని కేంద్రం జాతీయ కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది. నవంబరులో, పాముకాటు కేసుల్నీ మరణాల్నీ తప్పనిసరిగా తెలియజేయాల్సిన వాటిలో చేర్చమని రాష్ట్రాల్ని కోరింది.

నాకు ఆ నమోదు మీదే ఎక్కువ ఆశ. ఎందుకంటే గుర్రం యాంటీబాడీలకి ఒక లక్షణం ఉంది. అవి మనిషి ఒంట్లో కొద్దిరోజులు, మహా అయితే కొన్ని వారాలు ఉండి వెళ్లిపోతాయి. సొంతంగా నేర్చుకున్న దేహంలో జ్ఞాపక కణాలు మిగులుతాయి, అరువు రక్షణకి అవి ఉండవు. మళ్లీ కరిస్తే మళ్లీ సీసాలే. మా అమ్మ ఆ తర్వాత ఇంకా పదేళ్లు అవే చేలల్లోకి దిగింది. ఆమె రక్తానికి గుర్తులేని సంగతి ఎవరో ఒకరు గుర్తుపెట్టుకోవాలి కదా! అది రిజిస్టరు చేయాల్సిన పని. ఏ పాము, ఏ నెల, ఏ చేలో, ఏ పని చేస్తుండగా, చేతికా కాలికా, ఆ తర్వాత ఏడాదికి ఆమె ఎలా ఉంది, ముట్టు వస్తోందా అన్నవన్నీ అందులో ఉండాలి. వృత్తి అన్న గడిలో ఆమె చేసే పని పేరు ఉండాలి. నాట్ల కూలి అని రాయడానికి ఆ గడిలో చోటు చాలినంత ఉంటుంది.